ఆఖర్న మోగిన హారన్

ఆస్ట్రేలియాలోని మిల్డూరా ఊరవతల, కార్లలోనే కూర్చుని సినిమా చూసే మైదానంలో ఆ రాత్రి నా కారొక్కటే ఉంది. నలభై ఏళ్ల క్రితం ఇక్కడే, ఇదే దెయ్యం సినిమా మధ్యలో కారు తీసుకుని వెళ్లిపోయి, "ముగింపు శుద్ధ చెత్త" అని పేపర్లో రాశాను. దాంతో సినిమా మూలపడింది. దాన్ని తీసిన వెరిటీ మళ్లీ కెమెరా ముట్టకుండానే చనిపోయింది.

బొమ్మ వేసేముందు ఆమె కూతురు టాన్సీ నా కిటికీ దగ్గరికొచ్చింది.

"నచ్చితే ఆఖర్న హారన్ కొట్టాలి, డెస్ గారూ. అమ్మ ఆ రాత్రి దానికోసమే చెవులు రిక్కించి కూర్చుంది. మీకు రాయడమేనా, కొట్టడం కూడా వచ్చా?"

ఈసారి చివరిదాకా చూశాను. ఆ ఆఖరి పది నిమిషాలకి ఒళ్లు జలదరించింది. ఎంత మంచి సినిమాని చంపేశాను! సిగ్గుతో చెయ్యి లేవలేదు.

అంతలో నా వెనక ఖాళీ చీకట్లోంచి హారన్ మోగింది. పొడుగ్గా, ఒక్కసారే.

టాన్సీ కళ్లు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"మీరేనా కొట్టింది?"

"నేనే," అన్నాను.

అప్పుడు నా కారు హారన్ మొదలైంది. ఎంతకీ ఆగదు. టాన్సీ నా చేతులవైపే చూస్తోంది. రెండూ ఒళ్లోనే ఉన్నాయి.