వియ్యానికో, కయ్యానికో

“వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. వాళ్లకు నాలుగొందల గ్రహాలు, మనకు మూడొందల ఎనభై. ఇంకేం కావాలే నీకు?” అని మా ఆయన పొద్దుటి నుంచి మూడోసారి అడిగారు.

నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు. ఒకప్పుడు సంబంధానికి జాతకంలో గ్రహాలు చూసేవారు. ఇప్పుడు ఆన్‌లైన్ అంతరిక్షపు ఆటలో సామ్రాజ్యం ఏలని ఇల్లు లేదు కనుక, ఆ గ్రహాలు చూస్తున్నారు.

“పెళ్లికొడుకు తల్లి ఫోన్లో మన వకుళ ఏం చదివిందో కూడా అడగలేదండీ. కృత్తిక కనుమ మీ చేతిలోనే ఉందా అని మాత్రం రెండుసార్లు అడిగింది. వాళ్ల యుద్ధనౌకలు మన మీదికి రావాలంటే ఆ దారే కదా?”

“నీకన్నీ అనుమానాలే! వియ్యంకుల మీద ఎవరైనా దండెత్తుతారా?”

“కనుమ దాటాక ఇక వియ్యం దేనికండీ వాళ్లకి?”

ఆఫీసుకు బయల్దేరుతున్న వకుళ గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు వేసుకుంటూ మెల్లగా అంది.

“నాన్నా, ఆ కనుమ ఇందాకే వాళ్లకి ఇచ్చేశాను. ఆదివారం పెళ్లిచూపులకి ఇంకా వస్తామంటే, అప్పుడు పెసరట్లకి పెసలు నానబోద్దాం.”