ఒక్క గుక్క

పదకొండో ఇంటి యజమాని అబూ దిరార్. ముందు పదిమందీ శరణార్థులనగానే తలుపేశారు. ఉమ్ రహఫ్, ఆమె ముగ్గురు పిల్లలు సాయంత్రానికల్లా ఇప్పుడున్న గది ఖాళీ చెయ్యాలి.

ఆయన నాకూ, ఉమ్ రహఫ్‌కూ చేదు కాఫీ పోశాడు. నేను తాగకుండా కప్పు కింద పెట్టాను.

మా మఫ్రక్ పట్టణంలో ఏదైనా అడగడానికి వచ్చినవాళ్లు పని అయ్యేదాకా కాఫీ ముట్టరు. ముట్టకుండా లేచిపోతే ఆ ఇంటికి తలవంపులు.

ఆయన మొహం మాడిపోయింది. "తాగమ్మా, చల్లారిపోతోంది."

"ఈమెకు ఇల్లిస్తానంటే తాగుతా, బాబాయ్. ఆర్నెల్ల అద్దె మా శరణార్థుల సహాయ సంస్థే కడుతుంది."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. సరేనని అనబోతున్నాడు.

పక్కన గుటుక్కుమంది. ఉమ్ రహఫ్ కప్పు ఖాళీ.

ఆయన నవ్వేశాడు. "ఇల్లు కావలసినావిడే తాగేసింది, మధ్యలో నీకెందుకమ్మా ఉపవాసం? వెళ్లిరండి."

వీధిలోకి రాగానే విరుచుకుపడ్డాను. "కాసేపు ఆగలేకపోయావా? అంత దాహమేమిటే?"

సరిహద్దు దాటి అలెప్పో నుంచి వచ్చిన ఉమ్ రహఫ్ నోటుపుస్తకం తెరిచింది. అద్దెకుండేవాళ్లకు నేను చెప్పే పాఠాలు. మొదటి పేజీలో మొదటి వాక్యం: 'యజమాని ఇంట్లో ఏమిచ్చినా కాదనకూడదు.'

"నువ్వే చెప్పావు కదక్కా. నాకు చేదు పడదు. అయినా కళ్లు మూసుకుని తాగేశాను."