చిల్లు పడిన పూట

ఆ పొద్దున కాకినాడలో మణిమాల వాళ్ళింటి గోడ ముందు అపార్ట్‌మెంటంతా పోగైంది. అప్పటికి వైద్యమంతా ఇంట్లోకే వచ్చేసింది. మందు పుచ్చుకుంటే ఒంట్లో జరిగేది గోడమీద సినిమాలా కనిపించేది. సూక్ష్మజీవుల విషపు ప్రోటీన్‌ను మచ్చిక చేసి, క్యాన్సర్ కణాలకు మాత్రమే చిల్లులు పెట్టేలా మలిచింది మణిమాల బృందమే. దాన్ని మొట్టమొదట పుచ్చుకున్నది క్యాన్సర్ పట్టిన ఆమె మామగారు సోమేశం.

ప్రోటీన్ ముక్కలు ఒక్కొక్కటే వచ్చి కణం పొరమీద వాలాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉంగరంలా నిలబడ్డాయి. ఇక కదలవు!

"ఏమే, ఆగిపోయాయేం?" అంది అత్తగారు.

మణిమాల గోడకు దగ్గరగా జరిగింది. పొరలోకి దిగకపోతే అంతా దండగే.

"దిగండమ్మా, దిగండి!" అని పక్కింటి వీరరాఘవమ్మ కేకేసింది.

ఉంగరం గబుక్కున కుంగి పొరలో దిగబడింది. చిల్లు! కణం ఉబ్బి పగిలింది. దాని పక్కదీ, ఆ పక్కదీ పటపటా పగిలాయి. ఇల్లంతా ఈలలు, చప్పట్లు.

"నాకేం తెలియలేదే! బతికినట్టేనా అమ్మాయ్?" అన్నాడు సోమేశం.

"బతికినట్టే మామయ్యా!" అంది మణిమాల, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

ఆయన లుంగీ ఎగ్గట్టి, కోడలి చెయ్యి పట్టుకుని చిందులందుకున్నాడు.