నీళ్ల కింది ఇల్లు

"జర నిమ్మలంగ పోనియ్యి అంబదాసూ, కుండ పలుగుతది" అన్నది ఐలవ్వ.

ఇచ్చోడల జీపెక్కిన కాడికెల్లి ఒళ్లె ఉన్న ఆ కుండను ఆమె విడువలే. అందుల ఉన్నయి, పక్కన కూసున్నోని దోస్తు బొక్కలు. బొగ్గుబాయిల కప్పు కూలి చచ్చి, కాష్టంల కాలినోడు. నిర్మల్ ఘాటు మలుపులు తిరుగుతుంటె, అతని పానం కుండకంటె ముందే పలిగేటట్టున్నది.

"ఏమేం కనవడుతున్నయి వెంకటీ?" ఐలవ్వకు చూపు పోయి ఆరేండ్లాయె.

"గుట్టలవ్వా. అడివంత మోదుగుపూలే. అగ్గి పెట్టినట్టున్నది." అగ్గి అన్నంక నాలిక కరుసుకున్నడు.

"గా కింది మలుపు కాడ నువ్వు చిన్నప్పుడు గొడ్డలితోని గాటు పెట్టిన టేకుచెట్టున్నదా?"

"ఉన్నదవ్వా. అట్లనే ఉన్నది."

డ్రైవర్ అంబదాస్ తిరిగి వింతగ చూసిండు. ఆ మలుపుల ఉన్నది ఉత్త బండ.

"మంచిది బిడ్డా" అన్నది ఐలవ్వ.

అతను కుండ తీస్కొని ఇంటికొచ్చి ఇరవై రోజులాయె, ఆమె ఒక్కపారి గూడ అతని మొహం తడిమి చూడలే. సంగతి ఎట్లనో ఎరికయ్యి కోపమొచ్చుంటది అనుకున్నడు. ఉండదా మరి! ఆ పొద్దు బాయిలకు దిగాల్సింది తనే. కల్లు ఎక్కువై, జరమొచ్చిందని అబద్ధమాడి పండుకున్నడు. తన హాజరుల నాగా పడొద్దని, తన పేరు మీదనే దోస్తు దిగిండు. ఒకని బదులు ఇంకొకడు దిగుడు ఆడ మామూలేనట. మామూలేనట!

ఖానాపూర్ దాటినంక ఇగ ఆగలేకపోయిండు.

"అవ్వా, వాన్ని సంపింది నేనే. నా పనికి పోయి సచ్చిండు."

"ఎరికే. నిద్రల రోజూ గదే ఒర్రుతున్నవ్." ఐలవ్వ కుండ మూతి మీది బట్ట సదిరింది. "బాయి కాయితంల దశరథం పేరే రాసిన్రా?"

"గదే రాసిన్రవ్వా."

ఇంకో మాట గూడ ఉండె. దాన్ని మింగి వేరే మాట అడిగిండు.

"గోదారి దగ్గరుండంగ కడెం దాంక ఎందుకవ్వా?"

"కట్ట కట్టంగ మన ఊరు గా నీళ్లల్లనే మునిగె గద. నేను ఇచ్చోడకు వస్తి, నువ్వు బాయికి పోతివి. దశరథానికి అవ్వ లేదు, బాపు లేడంటివి. మన ఇంట్లనే ఉండనియ్యి."

అతనికి కండ్లు నిండినయి. జీపు కట్ట కాడ ఆగింది.

కడెం నీళ్లు గుట్టల నడుమ ఎండకు మెరుస్తున్నయి. చెయ్యి పట్టుకొని ఆమెను మోకాళ్ల లోతు దాంక నడిపిచ్చిండు. కుండ వంచెటందుకు ఆమె చేతుల మీద తన చేతులు ఆనిచ్చిండు. గప్పుడు ఐలవ్వ తడి చెయ్యితోని అతని మొహం తడిమింది, నుదురు, ముక్కు, గడ్డం, ఒక్కటీ విడువకుండ. కోపం పోయినట్టున్నదని అతను ఎక్కెక్కి ఏడ్చిండు.

"చెయ్యి తియ్యి దశరథం, నా కొడుకును నేనే ఇంటికి పంపుకుంట."