మూత పెట్టి తీసిన ఫొటో

“ఇవాళ రిపేర్లు చెయ్యనమ్మా.”

కెమెరా డాక్టర్ తలెత్తకుండానే అన్నాడు. ఊళ్లో అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. కొట్టు తెరిచాడన్న మాటే గానీ, ఇంట్లో ఏడుపులు వినలేక వచ్చి కూర్చున్నాడు.

కౌంటరు ముందు నిలబడ్డావిడ కదల్లేదు. నలిగిన కోటు, బూట్ల నిండా బురద, చేతిలో పాత కెమెరా.

“రిపేరు కాదండీ. ఈ ఫొటోలో చుక్కలున్నాయి. వీటిలో ఏది నిజమో, ఏది అబద్ధమో తేల్చాలి.”

కెమెరా వెనక తెర మీద ఒక కొండ. మసక చీకట్లో తీసింది. నల్లటి కొండంతా ఎర్రవీ తెల్లవీ చుక్కలు చల్లినట్టున్నాయి.

ఆ కొండను చూడగానే అతని ముఖం పాలిపోయింది. దాని మీద టవరు బాగుచెయ్యడానికి వెళ్లిన ఇద్దరిలో ఒకడు అతని బావమరిది. చరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. రెస్క్యూవాళ్లు వెతికి వెతికి మొన్న దిగిపోయారు. ఇక ఎవరూ బతికుండరని పెద్దాఫీసు తేల్చేసింది.

“నిన్న సాయంత్రం ఎదుటి గుట్ట మీద నుంచి తీశాను,” అంది ఆవిడ. “కంటికి ఏమీ కనిపించలేదు. షట్టరు చాలాసేపు తెరిచి ఉంచితే ఇవి పడ్డాయి. ఒకటి వాళ్ల టార్చి లైటు కావచ్చు.”

“కాదు. ఇవన్నీ హాట్ పిక్సెల్సే. ముసలి కెమెరా కదా, లోపల సెన్సరు వేడెక్కితే ఎదురుగా ఏమీ లేకపోయినా చుక్కలు పెడుతుంది. లేని ఆశ పెట్టకండమ్మా. వాళ్లింట్లో మనుషులు ఇప్పటికే సగం చచ్చున్నారు.”

“అన్నీ అవేనని ఎలా చెప్పగలరు?”

“నేను బతికేదే ఈ పని మీద.”

“అయితే రుజువు చెయ్యండి. వెళ్లిపోతాను.”

ఉడుంపట్టు అంటే ఇదే అనుకున్నాడు. విసురుగా కెమెరా లాక్కుని లెన్సుకు మూత బిగించాడు. నిన్న ఎంతసేపు షట్టరు తెరిచి ఉంచిందో అంతసేపూ తెరిచాడు. మూత పెట్టాక కూడా పడే చుక్క కెమెరా సొంత పైత్యం. పడనిది నిజం వెలుతురు.

తీరా చూస్తే రెండు మూడు చుక్కలే పడ్డాయి.

“అంటే మిగతావన్నీ నిజమేనా?” ఆవిడ కౌంటరు మీదికి వంగింది.

“తొందరపడకండి. కొండ మీద జాతర జరగడం లేదు, అన్ని దీపాలుండటానికి. నిన్న ఎంతసేపు తీశారు?”

“బ్యాటరీ అయిపోయేదాకా.”

“అదీ సంగతి. నిన్న ఇది కాలిపోతూ ఉండుంటుంది, ఇప్పుడు చల్లగా ఉంది. మళ్లీ అంత వేడీ ఎక్కాలి.”

మూత తియ్యకుండా ఒకదాని వెంట ఒకటి తీస్తూనే ఉన్నాడు. వద్దు వద్దంటూనే అతనికీ ఆశ పుట్టింది. అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అంతలో అతని భార్య క్యారేజీ పట్టుకుని వచ్చింది. అతను కంప్యూటర్లో తెరిచి పెట్టిన కొండ ఫొటో చూసి స్టూలు మీద కూలబడింది.

“మా తమ్ముణ్ణి వెతకడం ఆపమని సంతకం పెట్టినవాడికి చెయ్యెలా ఆడిందో. వాడింట్లో మనిషైతే అలా వదిలేసేవాడా? కంటబడనీ, నిలబెట్టి కడిగేస్తాను.”

“ఊరుకో,” అన్నాడతను.

కెమెరా తెచ్చినావిడ కిటికీ వైపు తిరిగింది. “ఇంకా వేడెక్కాలా?” అని మాత్రం అడిగింది.

“చాలు. చూద్దాం.”

నిన్నటి ఫొటోనూ, మూత పెట్టి తీసిన చివరిదాన్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పెట్టాడు. రెండింట్లోనూ ఉన్న చుక్కల్ని కొట్టేసుకుంటూ వచ్చాడు. ఎర్రవన్నీ పోయాయి. తెల్లవీ ఒక్కొక్కటే పోయాయి. శిఖరానికి కాస్త కింద, రాళ్ల వంపులో ఒక్కటి మిగిలింది.

భార్య అతని భుజం గట్టిగా పట్టుకుంది.

“మళ్లీ తియ్యండి,” అంది కెమెరా తెచ్చినావిడ. “ఈసారి పొరపాటు జరగకూడదు.”

మూతతోనే మళ్లీ తీసి పోల్చాడు. ఆ చుక్క పోలేదు. ఆవిడ నిన్న తీసిన మిగతా ఫొటోలూ తెరిచాడు. చాలావాటిలో అదే చోట ఉంది.

“వెలుతురేనమ్మా,” అని ఏడ్చేశాడు.

ఆవిడ ఫొటోలన్నీ కాపీ చేయించుకుని లేచింది.

“కాస్త భోంచేసి వెళ్లమ్మా,” అంది భార్య. “ఎప్పుడు తిన్నావో ఏమో.”

“వాళ్లు కిందికి దిగాక తింటాను.”

“వాళ్లు నీకేమవుతారు?”

“ఇద్దరూ కావలసినవాళ్లే,” అంటూ మెట్లు దిగింది. దిగుతూనే ఎవరికో ఫోను చేసింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఇద్దర్నీ స్ట్రెచర్ల మీద దించారు. బావమరిదికి కాలు విరిగింది. రోజూ పొద్దుగూకగానే టార్చి కాసేపు వెలిగించి, బ్యాటరీ అయిపోతుందని ఆర్పేసేవాళ్లమని చెప్పాడు. రాళ్లు అడ్డం కావడంతో కింద వెతుకుతున్నవాళ్లకు ఆ వెలుగు కనిపించలేదు.

కెమెరా డాక్టర్ భార్య తమ్ముడి చెంపలు నిమిరి, వెంటనే గుంపులో ఆవిడ కోసం వెతికింది. ఎక్కడా కనిపించలేదు. చివరికి రెస్క్యూ నాయకుణ్ణి పట్టుకుంది.

“బాబూ, ఆ ఫొటోలు తెచ్చినావిడ ఏరి? కాళ్లకు దండం పెట్టుకోవాలి.”

“పొద్దున్నే బాధ్యతలు అప్పగించేసి ఊరు విడిచి వెళ్లిపోయారమ్మా.”

“ఏం బాధ్యతలు? ఎవరావిడ?”

అతను హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“వెతకడం ఆపమని సంతకం పెట్టిందీ ఆవిడే, తన నిర్ణయం తప్పని పైవాళ్లకు రాసిచ్చి మమ్మల్ని మళ్లీ కొండెక్కించిందీ ఆవిడేనమ్మా.”