వీధి పిల్లుల వరస

"పెంపుడుదా, వీధిదా?" అని అడిగింది పశువుల ఆసుపత్రిలో బల్ల వెనక కూర్చున్న ఆయా.

"వీధిదే" అన్నాడు టైలరు, చేతిలోని మూత బుట్టను కాస్త వెనక్కి జరుపుకుంటూ.

గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. పిల్లలు పుట్టకుండా పిల్లులకు ఆపరేషన్. పెంపుడు పిల్లులకు సగం ధర, వీధి పిల్లులకు ఉచితం. సగం ధరంటే ఎవరైనా సంతోషిస్తారు. టైలరుకు మాత్రం ఆ మిగిలిన సగం వారం రోజులుగా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. పిల్లికి కూడా బిచ్చం పెట్టడని వీధిలో ఆయనకు పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

పిల్లి భార్యది. ఒళ్ళంతా తెలుపు, పేరు యువరాణి. ఇంట్లో దానికున్న మర్యాద తనకు లేదని ఆయన బాధ. కిందటేడు అది నాలుగు పిల్లల్ని పెట్టింది ఎక్కడో కాదు, మర్నాడు ఇవ్వాల్సిన పెళ్ళిబట్టల మీద. ఇంకోసారి అలా జరిగితే కొట్టు మూసుకోవాల్సిందేనని నెల రోజులు మొత్తుకుంటే, భార్య చివరికి సరేనంది.

"నేను చూడలేనండీ. నాకు కనబడకుండా తీసుకెళ్ళండి" అని పొద్దున్నే దిండులో మొహం దాచుకుంది. దిండులోంచే ఇంకో మాట కూడా అంది. "దాని ఒంటి మీద ఒక్క వెంట్రుక తేడా వచ్చిందా, ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, మీరైనా ఉండాలి."

కొట్టు వెనక వసారాలో, గుడ్డపీలికల గంపలో తెల్లగా ముడుచుకుని పడుకున్నదాన్ని ఒక్క ఊపున ఒడిసి పట్టుకున్నాడు. అది ముంజేతి మీద మూడు గీతలు గీసింది. ఆయన ఖాతరు చెయ్యలేదు. ఇస్త్రీపెట్టెలోని బూడిద తీసి దాని వీపంతా పులిమాడు. వీధి పిల్లంటే వీధి పిల్లిలా కనబడాలి కదా మరి!

"ఎక్కడ పట్టారు అన్నయ్యగారూ?" అంది ఆయా.

"మార్కెట్టు వెనక. చెత్తకుప్ప దగ్గర."

"ఎవరిదీ కాని పిల్లి కోసం ఇంత దూరం మోసుకొచ్చారా! చూడండమ్మా, మనుషులంటే ఇలా ఉండాలి" అంది ఆయా, పెంపుడు పిల్లుల వరసంతటికీ వినబడేలా. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. వీధి పిల్లుల వరసలో ఆయనొక్కడే. టైలరుకు చచ్చేంత సిగ్గేసింది. అయినా వెళ్ళి ఆ వరసలోనే కూర్చున్నాడు.

జేబులో ఫోను మోగింది. భార్య. "యువరాణి ఎలా ఉందండీ" అన్న ఆవిడ గొంతు నలుగురికీ వినబడిందంటే గుట్టు రట్టవుతుంది. ఎత్తకుండా కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి ఏకంగా ఫోనే ఆపేశాడు.

ధైర్యం చెబుదామని బుట్ట సందులోంచి "యువరాణీ" అని గుసగుసగా పిలిచాడు. లోపల్నుంచి బుస్సుమంది.

'అలాగే ఉండు తల్లీ. బాగా నటిస్తున్నావు' అనుకున్నాడు.

డాక్టరమ్మ మందపాటి చేతితొడుగులు వేసుకుని బుట్ట మూత తీసింది. పొట్ట తడిమింది. నోరు తెరిచి చూసింది.

"మూడు నాలుగు కాన్పులయ్యాయి దీనికి. పళ్ళు కూడా అరిగిపోయాయి. వీధి బతుకు కదా, పాపం."

"పాపం" అన్నాడు టైలరు. గుప్పెడు బూడిద ఇంత పని చేస్తుందని ఆయన అనుకోలేదు. అంత చదువుకున్న డాక్టరమ్మ కళ్ళకే గంతలు కట్టానని లోలోపల తెగ మురిసిపోయాడు.

రెండు గంటల తర్వాత ఆయా బుట్ట తెచ్చిచ్చింది. పిల్లి మత్తులో నాలుక బయటపెట్టి పడుకుంది. పొట్ట మీద చిన్న కుట్టు. అలవాటు కొద్దీ ముందు కుట్టు చూశాడు. బాగానే వేశారు. ఆ తర్వాత చెవి చూశాడు.

ఎడమ చెవి కొస లేదు. తిన్నగా, నీటుగా కత్తిరించేసి ఉంది.

"ఇదేంటమ్మా!" అన్నాడు.

"వీధి పిల్లులన్నిటికీ అంతే అన్నయ్యగారూ. ఆపరేషన్ అయిపోయిందని దూరం నుంచే తెలియాలిగా, లేకపోతే ఇంకెవరో మళ్ళీ పట్టుకొస్తారు. మత్తులో ఉండగానే చేసేస్తాం, నొప్పి తెలీదు. పెంపుడు వాటికైతే చెయ్యమనుకోండి."

ఆ ఆఖరి మాటకు టైలరు మొహంలో నెత్తురు చుక్క లేదు. బట్ట పొడుగైతే కత్తిరించొచ్చు, పొట్టయితే అతుకు వెయ్యొచ్చు. చెవికి అతుకు వేసే టైలరు ఎక్కడా లేడు.

ఇంటి దాకా నడుస్తూ అబద్ధాలు వెతుక్కున్నాడు. కుక్క కరిచింది. తలుపు సందులో పడింది. ఈ మధ్య చెవులకు ఇదో కొత్త ఫ్యాషను. ఒక్కటీ అతికేలా లేదు. మెట్ల దగ్గర ఆగి బుట్టలోకి చూశాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క పిల్లినే. ఆ పిల్లి చెవిని తను సగం ధరకు అమ్ముకున్నాడు. అలా అనుకునేసరికి ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇంక ఏమైతే అదైందని, ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకున్నాడు.

తలుపు కొట్టాడు. లోపల అడుగుల చప్పుడు వినబడింది. గడియ తీసేదాకా కూడా ఆగలేకపోయాడు.

"తప్పైపోయిందే! డబ్బుకు కక్కుర్తిపడి మన యువరాణిని వీధి పిల్లి అని అబద్ధం చెప్పాను. చెవి కొస కోసేశారు. నువ్వేమన్నా పడతాను, ఇల్లు మాత్రం వదిలి వెళ్ళకు!"

తలుపు తెరుచుకుంది. భార్య చంకలో యువరాణి, రెండు చెవులూ చెక్కుచెదరకుండా, బద్ధకంగా ఆవలించింది.