అత్తగారి భోజనవేళ

కాఫీ కప్పులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. సంబంధం మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఈలోగా సైంటిస్టు గడియారం చూసుకుని లేచి నిలబడింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ. పదకొండవుతోంది. అత్తగారికి తిండి పెట్టే వేళ. గంటలో వచ్చేస్తాను."

ఆమె భర్త నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తలుపు చాటున ఉన్న కూతురు పళ్ళు నూరుకుంది. రెండేళ్ళు బతిమాలితేగానీ ఆమె ప్రేమించిన పిల్లవాడు తన తల్లిని ఈ ఇంటికి తీసుకురాలేకపోయాడు. ఆవిడది ఒకటే పట్టు. ముసలివాళ్ళని సరిగ్గా చూసుకోని ఇంటి పిల్లని చేసుకోదు. ఆవిడ కాదంటే ఆ పిల్లవాడు తల్లి మాట దాటడు.

కాబోయే వియ్యపురాలు కప్పు కింద పెట్టింది. "ఆదివారం పూట కూడానా? పెట్టడానికి ఇంకెవరూ లేరా?"

"నా చేత్తో పెడితేనే దక్కుతారండీ. కిందటేడు మీటింగుందని ఊరెళ్తూ మా జూనియర్‌కి అప్పగించాను. ఆ పిల్ల చేతులు సరిగ్గా కడుక్కోలేదు. ఇన్ఫెక్షన్ సోకింది. నేనొచ్చేసరికి సగానికి సగం అయిపోయారు."

"అయ్యో! ఇంట్లోనే ఉంచుకోవచ్చుగా?"

"ఆ వెచ్చదనం, ఆ శుభ్రం ఇంట్లో ఎక్కడ కుదురుతాయి?" సైంటిస్టు అప్పుడే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది. "ఆకలని నోరు తెరిచి అడగరు. మనమే కనిపెట్టుకుని ఉండాలి. పూట ఆలస్యమైతే పచ్చబడిపోతారు."

"పాపం, మాట కూడా లేదా?"

"మాట లేదు కాబట్టే ఇప్పుడు మా ఇద్దరికీ ఇంత బాగా పడుతోంది."

వియ్యపురాలు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

భర్త గొంతు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, అసలు సంగతేమిటంటే, మా అమ్మ..."

"మీరుండండి అన్నయ్యగారూ. కన్నకొడుకు కుర్చీలో కూర్చున్నాడు, కోడలు పరిగెడుతోంది. మీరేం మాట్లాడతారు?" ఆవిడ చేతిసంచీ అందుకుంది. "పదండి వదినగారూ. నేనూ వస్తాను. పెద్దావిడని చూడకుండా ఎలా వెళ్తాను?"

సైంటిస్టు ముఖం వెలిగిపోయింది. ఆమె ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ మాట అడిగిన మొదటి చుట్టం ఈవిడే.

కారు భర్త నడిపాడు. వెనక సీట్లో ఆడవాళ్ళిద్దరూ కబుర్లలో పడ్డారు.

"మొదట రక్తపు క్యాన్సర్లతో మొదలుపెట్టాను వదినగారూ. తరవాత వాటిలో కొన్నిటిని తెచ్చిపెట్టే ఒక వైరస్ వెంటపడ్డాను. దానికి ఏ జబ్బూ లేని మనిషి రక్తం కావాలి. నేను అడుగుతానని తెలిసి చుట్టాలంతా మా గుమ్మం వైపు రావడమే మానేశారు. అత్తగారొక్కరే చెయ్యి చాపారు. 'ఇన్నాళ్ళూ తాగింది చాల్లేదా, ఇప్పుడు సూదితో కూడా తీస్తావా?' అంటూనే."

"మనసు మంచిదన్నమాట!"

"నోరే అప్పట్లో దురుసు! నా పేరు నలుగురికీ తెలిసిందంటే ఆవిడ చలవే. ఆవిడకేమన్నా అయితే నా పరిశోధనంతా బూడిదే."

వియ్యపురాలు సైంటిస్టు రెండు చేతులూ పట్టుకుంది. "ఇక ఈ గారూ గీరూ వద్దు వదినా. సంబంధం ఖాయం. మీ పిల్లకి నీ గుణంలో సగమొచ్చినా చాలు. రేపు నన్ను కూడా అచ్చం ఇలాగే చూసుకోవాలి. మాటివ్వు."

"మా అమ్మాయికి నేను చెప్తాగా. అంతకంటేనా?"

ముందు సీట్లో భర్త ఎందుకో బ్రేకు తొక్కాడు. వెనక లారీవాడు తిట్టిపోసి పోయాడు.

కారాగిన భవనం రెండో అంతస్తులో పొడుగాటి వరండా. ఆదివారం కాబట్టి మనిషి అలికిడి లేదు. సైంటిస్టు మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంది. వియ్యపురాలికి తెల్ల గౌను తొడిగింది, తలకి టోపీ పెట్టింది.

"ఐసీయూ లాగే ఉందే!" ఆవిడ గుసగుసగా అంది.

"అంతకంటే ఎక్కువ జాగ్రత్త వదినా. తలుపు తీసిన వెంటనే చూసెయ్యి. చల్లగాలి తగిలితే ఆవిడకి పడదు."

సైంటిస్టు ఆవిడని లోపలికి నడిపించి, ఇంకో తలుపు తీసింది. చేతులు జోడించి వంగిన వియ్యపురాలి ముక్కుకి ఎదురుగా, బీరువాలాంటి వెచ్చటి పెట్టెలో, అరచెయ్యంత సీసా అడుగున, గులాబీరంగు నీళ్ళలో, పదకొండేళ్ళ క్రితం పోయిన అత్తగారి రక్తకణాలు ఆ వైరస్ పుణ్యమా అని చావకుండా ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.